2,628 సరైనదా, 2,850 సరైనదా? ఇడ్లీ కుక్కర్ పోగొట్టుకున్నవాడి మొర

స్టిల్‌వాటర్ శీను (ఆదివారం, ఉదయం 9.12)

అందరికీ నమస్కారం. నిన్న మా దగ్గర సంక్రాంతి సంబరాల్లో క్విజ్ పెట్టారు. చివరి ప్రశ్న వరకు ఇద్దరం సమానంగా ఉన్నాం. ఆ చివరి ప్రశ్న ఇది: "1988 సీజన్‌లో ఒక్లహోమా స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు బ్యారీ శాండర్స్ బంతి పట్టుకుని మొత్తం ఎన్ని యార్డులు పరుగెత్తాడు?"

ప్రశ్న విని లోలోపల పొంగిపోయాను. నేను చదివేది ఆ యూనివర్సిటీలోనే. స్టేడియం బయట ఉన్న ఆయన విగ్రహాన్ని చూడకుండా నాకు వారం గడవదు. బజర్ నొక్కి 2,850 అన్నాను. క్విజ్ నడిపిన మాస్టారు తల అడ్డంగా ఊపారు. అవతలి ఆవిడ నెమ్మదిగా 2,628 అన్నారు. చప్పట్లు మోగాయి. బహుమతిగా పెట్టిన ఇడ్లీ కుక్కర్ ఆవిడ చేతికి వెళ్లింది.

రాత్రి వెతికి చూస్తే రెండు అంకెలూ కనిపిస్తున్నాయి. ఒకచోట 2,628, మరోచోట 2,850. తేడా 222 యార్డులు. ఒకే మనిషి, ఒకే ఏడాది, ఒకే ఆట. ఇదెలా సాధ్యం? నాకు న్యాయం చెప్పండి.

కొత్త కావ్య (ఆదివారం, 9.40)

శీను గారూ, న్యాయం సంగతి తరువాత. నేను అమెరికా వచ్చి అయిదు నెలలైంది. ఈ ఆటలో యార్డులు లెక్కపెట్టడం ఏమిటో ఎవరైనా చెప్పండి. 2,628 యార్డులంటే రెండున్నర కిలోమీటర్లు కూడా కాదు. మా నాన్నగారు మోకాళ్ల నొప్పులతోనే రోజూ పొద్దున అంతకంటే ఎక్కువ నడుస్తారు.

నారింజ చొక్కా (ఆదివారం, 10.05)

కావ్య గారూ, మీ నాన్నగారి మీద ఎదురుగా పదకొండు మంది దూకడం లేదు కదా! మైదానం 100 యార్డులు. బంతి ఎక్కడ పెట్టి ఆట మొదలుపెడతారో ఆ గీత నుంచి కొలత. జట్టు ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతిని చేతికి అందించాక, దాన్ని పట్టుకున్నవాడు ఆ గీత దాటి ఎంత ముందుకు పోయి పడిపోతే అన్ని యార్డులు అతని ఖాతాలో చేరతాయి. గీతకు ఇవతలే పడేస్తే ఖాతాలోంచి కోత పడుతుంది. ఒక్కో ప్రయత్నానికి నాలుగున్నర, అయిదు యార్డులు వస్తే మంచి ఆటగాడని పేరు. శాండర్స్ ఆ ఏడాది 344 సార్లు బంతి అందుకున్నాడు. సగటు 7.6. ఇప్పుడు మళ్లీ చదవండి, 2,628.

మాస్టారు (ఆదివారం, 11.30)

శీను బాబూ, ఆ తల ఊపినవాడిని నేనే. నిన్న వేదిక మీద వివరించే వ్యవధి లేకపోయింది, వెనక కోలాటం వాళ్లు తొందరపెడుతున్నారు.

నీ అంకె తప్పు కాదు. నా అంకె అధికారికమైనది. నువ్వడిగిన ఆ 222 యార్డులు ఎక్కడివంటే, సీజన్ ముగిశాక డిసెంబరు చివర్లో ఆడిన హాలిడే బౌల్‌వి. వ్యోమింగ్ జట్టును 62–14తో చిత్తు చేశారు. శాండర్స్ 222 యార్డులు పరుగెత్తి 5 టచ్‌డౌన్లు (బంతితో అవతలి కొస గీత దాటడం) చేశాడు. కానీ అప్పట్లో కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ దృష్టిలో బౌల్ మ్యాచ్ అంటే సీజన్‌లో భాగం కాదు. బాగా ఆడిన జట్లకు బహుమతిగా దొరికే పండగ మ్యాచ్. గెలుపోటములు జట్టు ఖాతాలో రాసుకునేవారు, ఆటగాళ్ల అంకెలు మాత్రం సీజన్ పట్టికలో చేర్చేవారు కాదు. ఆ పద్ధతి 2002లో మారింది. అప్పటి నుంచి బౌల్ అంకెలు కూడా కలుపుతున్నారు. అయితే పాతవాటి జోలికి పోలేదు. అందుకే రికార్డు పుస్తకంలో 11 మ్యాచ్‌లు, 2,628 యార్డులు, పరుగెత్తి చేసిన 37 టచ్‌డౌన్లు. బౌల్ కూడా కలుపుకుంటే 12 మ్యాచ్‌లు, 2,850 యార్డులు, 42 టచ్‌డౌన్లు.

స్టిల్‌వాటర్ శీను (ఆదివారం, 11.48)

అంటే మాస్టారూ, ఆయన నిజంగా పరుగెత్తిన యార్డులనే లెక్క నుంచి తీసేశారన్నమాట. ప్రశ్నలో మీరు "మొత్తం" అన్నారు. ఇది నేను మరిచిపోను.

బోయిసీ భాను (ఆదివారం, మధ్యాహ్నం 12.20)

మీ గొడవ చదువుతుంటే నా కడుపు మండుతోంది. మాది ఐడహో. మొన్న 2024 డిసెంబరు 31న ఫియెస్టా బౌల్ చూసినవాళ్లు ఇక్కడ ఎవరూ లేరా? మా బోయిసీ స్టేట్ ఆష్టన్ జెంటీకి ఆ మ్యాచ్ ముందు 2,497 యార్డులు ఉన్నాయి. మా కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే జట్ల కూటమి) ఫైనల్‌లో లాస్ వేగస్ జట్టు యూఎన్‌ఎల్‌వీ మీద 209 యార్డులు కొట్టి అక్కడికి చేరుకున్నాడు. ఇంకో 132 వస్తే శాండర్స్ రికార్డు మాది. పెన్ స్టేట్ వాళ్లు ప్రతిసారీ ఏడెనిమిది మందిని గీత దగ్గర గోడలా నిలబెట్టారు. 30 సార్లు బంతి ఇస్తే 104 యార్డులు. మేము 31–14తో ఓడిపోయాం. లెక్క 2,601 దగ్గర ఆగింది. ఇరవై ఏడు యార్డులు! రెండు మంచి పరుగులు చాలు.

ఇంట్లో ఆ రాత్రి కొత్త సంవత్సరం కేకు ఎవరూ ముట్టలేదు.

నారింజ చొక్కా (ఆదివారం, 12.41)

భాను గారూ, సానుభూతి ఉంది. కానీ మీ వాడు 14 మ్యాచ్‌లు ఆడాడు, మా వాడు 11. మ్యాచ్‌కు సగటున మీకు 185.8, మాకు 238.9. అందులో మీకు బౌల్ మ్యాచ్ కూడా లెక్కలోకి వచ్చింది. మాకు రాలేదు.

బోయిసీ భాను (ఆదివారం, 12.55)

సరే, సగటు మీదే. ఇప్పుడు శాండర్స్ ఎవరి మీద ఆడాడో చెప్పండి. కాన్సస్ స్టేట్ మీద 320 యార్డులు, కాన్సస్ మీద 312. ఆ సంవత్సరం కాన్సస్ స్టేట్ 11 మ్యాచ్‌లూ ఓడింది. కాన్సస్ ఒక్కటి గెలిచింది, అదీ కాన్సస్ స్టేట్ మీదే. అంటే ఆ రెండు జట్లకూ కలిపి ఏడాదికి ఒకే ఒక్క గెలుపు, అదీ ఒకరి మీద ఒకరికి. అలాంటి వాళ్ల మీద వచ్చినవి 632 యార్డులు.

మాస్టారు (ఆదివారం, 1.30)

అమ్మా భానూ, నీ మాటలో నిజం ఉంది, కాదనను. అయితే అదే సీజన్‌లో నెబ్రాస్కా మీద 189, ఒక్లహోమా మీద 215 కూడా ఉన్నాయి. ఆ రెండూ అప్పట్లో దేశంలో పేరు మోసిన జట్లు. రెండు మ్యాచ్‌లూ మేమే ఓడాం, 63–42తో ఒకటి, 31–28తో మరొకటి. శాండర్స్ వల్ల కాదు, మా డిఫెన్స్ జల్లెడ కావడం వల్ల.

నేను అప్పుడు ఇక్కడే చదువుకుంటున్నాను. అప్పటికి స్టేడియం పేరు లూయిస్ ఫీల్డ్. చమురు వ్యాపారి బూన్ పికెన్స్ డబ్బు, ఆయన పేరు, ఇప్పుడున్న హంగు అన్నీ చాలా తరువాత వచ్చాయి. సీజన్ మొదటి మ్యాచ్, ఒహాయోలోని మయామీ జట్టుతో. నాకు ఆట ఒక్క ముక్క తెలియదు. రూమ్మేటు టికెట్ మిగిలిందని లాక్కెళ్లాడు. కూర్చునేలోపే వాళ్లు తన్నిన బంతిని ఈ పొట్టివాడు తన గీత దగ్గర అందుకుని 100 యార్డులూ పరుగెత్తి అవతలి కొసకు చేరుకున్నాడు. చుట్టూ అందరూ లేచి అరుస్తున్నారు. ఈ ఆట ఇంత తొందరగా అయిపోతుందా అని అడిగాను. రూమ్మేటు ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా ఆ మాట గుర్తుచేస్తాడు. అన్నట్టు, ఆ 100 యార్డులు కూడా 2,628లో లేవు. అవి కిక్ రిటర్న్ ఖాతాలోకి వెళ్తాయి.

ఇంకో సంగతి. అంతకుముందు రెండేళ్లూ ఈ పిల్లవాడు బెంచీ మీద కూర్చున్నాడు. ముందు థర్మన్ థామస్ ఉన్నాడు మరి. మా యూనివర్సిటీలో మొత్తం కెరీర్ పరుగుల రికార్డు ఇప్పటికీ థామస్‌దే, శాండర్స్‌ది కాదు. శాండర్స్ ప్రధాన ఆటగాడిగా ఆడింది ఒకే ఒక్క సంవత్సరం.

కొత్త కావ్య (ఆదివారం, 1.52)

మాస్టారూ, ఆ 100 యార్డుల పరుగు లెక్కలోకి రాదంటే నాకు మనసొప్పడం లేదు. పరుగు పరుగే కదా?

గుంటూరు గణాంకం (ఆదివారం, 2.15)

కావ్య గారూ, క్రికెట్‌లో లెగ్ బైలు బ్యాట్స్‌మన్ ఖాతాలో పడవు కదా, అలాగే అనుకోండి. పరుగు అతనే తీస్తాడు, పేరు ఎక్స్‌ట్రాలది.

నేను అమెరికా చూడలేదు, ఈ ఆట కూడా చూడలేదు. అంకెల పిచ్చితో వచ్చాను. మీ చర్చ చదువుతుంటే మన రంజీ గుర్తొచ్చింది. 1999–2000 సీజన్‌లో హైదరాబాద్ తరఫున వీవీఎస్ లక్ష్మణ్ 9 మ్యాచ్‌లలో 1,415 పరుగులు చేశాడు. 8 సెంచరీలు. బెంగళూరులో కర్ణాటక మీద 353. ఒక సీజన్ రికార్డంటే నాకు అదే. టీమిండియాలో చోటు కోసం తలుపు తడుతున్నవాడి కసి ఆ అంకెలో ఉంది. మీ శాండర్స్‌ది కూడా బెంచీ దిగిన ఏడాదే కాబట్టి అదే బాపతు అనుకుంటున్నాను.

భాను గారి కాన్సస్ వాదనకు కూడా మా దగ్గర జోడీ ఉంది. బిషన్ సింగ్ బేడీ 1974–75లో ఒక రంజీ సీజన్‌లో 64 వికెట్లు తీశాడు. నలభై ఏళ్లకు పైగా ఎవరూ దాటలేదు. 2018–19లో బిహార్ స్పిన్నర్ అశుతోష్ అమన్ 68 తీశాడు. కానీ ఆ వికెట్లు ప్లేట్ గ్రూపులో, అప్పుడే రంజీలోకి అడుగుపెట్టిన సిక్కిం, మిజోరం లాంటి జట్ల మీద వచ్చాయి. పట్టికలో 68 పైన, 64 కింద. మా వీధి చివర టీ బంకు దగ్గర మాత్రం ఇప్పటికీ బేడీయే పైన.

స్టిల్‌వాటర్ శీను (ఆదివారం, 3.02)

నేను ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ వాడిని, ఊరుకోలేక లెక్క వేశాను. 238.9 సగటుతో శాండర్స్ కూడా జెంటీలాగా 14 మ్యాచ్‌లు ఆడి ఉంటే 3,345 యార్డులు. ఇక చర్చే లేదు.

బోయిసీ భాను (ఆదివారం, 3.10)

ఇంజినీరు గారూ, మనిషిని మోటారు అనుకున్నారా? 344 సార్లు దెబ్బలు తిన్న ఒళ్లు ఇంకో మూడు మ్యాచ్‌లకు అదే సగటు ఇస్తుందా? మా వాడు 374 సార్లు తిన్నాడు. చివరి మ్యాచ్‌లో ఏమైందో మీరే చూశారు. పైగా పోర్ట్‌లాండ్ స్టేట్ మ్యాచ్‌లో మొదటి సగం అవగానే పక్కన కూర్చోబెట్టారు. అప్పుడు ఇంకో పది సార్లు బంతి ఇచ్చి ఉంటే ఈ రోజు ఈ చర్చ వేరే తీరులో సాగేది.

నారింజ చొక్కా (ఆదివారం, 3.37)

"ఇచ్చి ఉంటే" అనే మాట మొదలైతే రాత్రి తెల్లారిపోతుంది. అసలు ఆ 2,628లోనే ఇంకో విచిత్రం ఉంది, ఎవరూ ఎత్తలేదు. శాండర్స్ కంటే ముందు ఈ రికార్డు సదరన్ కాలిఫోర్నియా ఆటగాడు మార్కస్ ఆలెన్‌ది. 1981లో 2,342 యార్డులు. శాండర్స్ 10 మ్యాచ్‌లు ఆడేసరికి 2,296 దగ్గర ఉన్నాడు. ఇంకా 47 కావాలి. పదకొండో మ్యాచ్ ఎక్కడ జరిగిందో తెలుసా? టోక్యోలో! 1988 డిసెంబరు 3న, అదే సంవత్సరం తెరిచిన టోక్యో డోమ్‌లో, టెక్సస్ టెక్ మీద. 332 యార్డులు పరుగెత్తాడు. మేము 45–42తో గట్టెక్కాం. దేశంలో అత్యుత్తమ కళాశాల ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ వచ్చిందన్న కబురు కూడా ఆయనకు అక్కడే అందింది.

ఇప్పుడు ఆలోచించండి. సముద్రం దాటి జపాన్ వాళ్లకు చూపించడానికి ఏర్పాటు చేసిన మ్యాచ్ పట్టికలో ఉంది, ఎందుకంటే అది సీజన్ కార్యక్రమంలో భాగం. శాన్ డియాగోలో ఆడిన హాలిడే బౌల్ లేదు, ఎందుకంటే దాని పేరు బౌల్. టోక్యో మ్యాచ్‌ను కూడా పండగ మ్యాచే అని కొట్టిపారేసి ఉంటే ఆ ఏడాది రికార్డు ఆలెన్ దగ్గరే ఉండేది.

గుంటూరు గణాంకం (ఆదివారం, 3.58)

ఇది బాగుంది. నేను ఇంతసేపూ వెతుకుతున్నది ఇదే. అంటే రికార్డు పుస్తకం రాసేవాడు మైదానం చూడడు, ముందు శీర్షిక చూస్తాడు.

మోడరేటర్ (ఆదివారం, 4.20)

ఇడ్లీ కుక్కర్ కొనే చోట్ల గురించిన నాలుగు సందేశాలను వంటింటి విభాగానికి తరలించాను. ఇక్కడ ఆట గురించే మాట్లాడండి.

మాస్టారు (ఆదివారం, సాయంత్రం 5.45)

నారింజ చొక్కా గారు మంచి తాడు లాగారు. నేనూ ఒక కొస పట్టుకుంటాను.

మా యూనివర్సిటీ రికార్డుల పట్టిక చూస్తే పాతవాళ్లూ కొత్తవాళ్లూ పక్కపక్కనే కూర్చుని ఉంటారు, కానీ వాళ్లను కొలిచిన గజంబద్ద ఒకటి కాదు. 1945లో బాబ్ ఫెనిమోర్ అని ఒకాయన ఉండేవాడు. అప్పటికి మాది ఇంకా ఒక్లహోమా ఏ అండ్ ఎం. అదే మనిషి పరుగెత్తేవాడు, బంతి విసిరేవాడు, తన్నేవాడు, మళ్లీ డిఫెన్స్‌లో నిలబడి అవతలివాళ్ల పాస్‌లు లాక్కునేవాడు. ఆ సంవత్సరం 8 మ్యాచ్‌ల సీజన్‌లో 1,048 యార్డులు పరుగెత్తి దేశంలో మొదటి స్థానం. పరుగు, పాస్ కలిపితే 1,641, అందులోనూ మొదటి స్థానమే. తరువాత షుగర్ బౌల్ కూడా గెలిచి జట్టు ఒక్క ఓటమీ లేకుండా ముగించింది. డెబ్బై ఏళ్ల తరువాత, 2016లో, కోచ్‌ల సంఘం ఆ 1945 జట్టును జాతీయ విజేతగా ప్రకటించింది. చూశావా శీనూ, జట్టుకైతే వెనక్కి వెళ్లి కిరీటం పెట్టారు. ఆటగాళ్ల యార్డులు కలపమంటే మాత్రం పాతవి కదిలించం అంటారు.

నారింజ చొక్కా (ఆదివారం, 6.10)

మాస్టారూ, డిఫెన్స్ వాళ్లకు ఇంకా అన్యాయం. లెస్లీ ఓనీల్ 1982 నుంచి 1985 వరకు ఆడి 34 శాక్‌లు చేశాడు (కావ్య గారి కోసం: విసరబోతున్న క్వార్టర్‌బ్యాక్‌ను గీతకు వెనకాలే పడగొట్టడం). మా యూనివర్సిటీ రికార్డు అది. ఎన్‌సీఏఏ శాక్‌లను అధికారికంగా నమోదు చేయడం మొదలుపెట్టింది 2000లో. అంటే ఓనీల్ మా ఇంటి పుస్తకంలో రాజు, దేశం పుస్తకంలో అసలు పేరే లేదు.

బంతి విసిరేవాళ్ల విషయంలో కథ తిరగబడుతుంది. అక్కడ కొత్తవాళ్లదే రాజ్యం. మేసన్ రుడాల్ఫ్ 2014 నుంచి 2017 వరకు 13,618 యార్డులు, 92 టచ్‌డౌన్లు. 2017 ఒక్కదానిలోనే 4,904. అతని బౌల్ మ్యాచ్‌లన్నీ లెక్కలో ఉన్నాయి. 1988లో శాండర్స్ చేతికి బంతి అందించిన క్వార్టర్‌బ్యాక్ మైక్ గండీయే రుడాల్ఫ్‌కు కోచ్ కావడం నాకు భలే నచ్చిన సంగతి. తను ఆడినప్పుడు బంతి ఇచ్చి పక్కకు తప్పుకునేవాడు, కోచ్ అయ్యాక బంతి విసిరించడమే పనిగా పెట్టుకున్నాడు.

బంతి అందుకునేవాళ్లలో జస్టిన్ బ్లాక్‌మన్ 2010లో 12 మ్యాచ్‌లలో 111 క్యాచ్‌లు, 1,782 యార్డులు, 20 టచ్‌డౌన్లు. ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ వంద యార్డులు తగ్గలేదు, టచ్‌డౌన్ తప్పలేదు. కానీ నన్నడిగితే ఈ మొత్తం పట్టికలో ఏ వివాదమూ అంటని రికార్డు ఒక్కటే. 2003లో రషాన్ వుడ్స్ ఎస్‌ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) మీద ఒకే మ్యాచ్‌లో 7 టచ్‌డౌన్ పాస్‌లు అందుకున్నాడు. దానికి 11 మ్యాచ్‌లా 14 మ్యాచ్‌లా అనే గొడవ లేదు. ఒక రోజు, ఒక మైదానం, ఏడు.

కొత్త కావ్య (ఆదివారం, 6.31)

ఎస్‌ఎంయూ కూడా ఆ సంవత్సరం కాన్సస్ బాపతేనా?

నారింజ చొక్కా (ఆదివారం, 6.34)

...ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మీరు త్వరగా నేర్చుకుంటున్నారు.

స్టిల్‌వాటర్ శీను (ఆదివారం, రాత్రి 8.15)

సరే, నేను కొంచెం మెత్తబడ్డాను. కానీ ఒక్క అనుమానం. 2002లో మార్చినప్పుడే వెనక్కి వెళ్లి అన్నీ కలిపేస్తే పోయేది కదా? మ్యాచ్ వివరాలు కాగితాల మీద ఉన్నవేగా?

మాస్టారు (ఆదివారం, 8.50)

కలిపితే వేరే చిక్కులు వస్తాయి బాబూ. 1988లో బౌల్ మ్యాచ్‌లు దేశం మొత్తం మీద ఇరవై కూడా లేవు. బలమైన జట్లకే పిలుపు. ఇప్పుడు నలభై దాటాయి. అప్పట్లో గొప్ప ఆటగాడు బలహీన జట్టులో ఉంటే అతనికి ఆ అదనపు మ్యాచ్ దక్కేది కాదు. అందుకే ముందుగా అనుకున్న సీజన్ మ్యాచ్‌లే అందరికీ సమానమైన కొలత అనుకున్నారు. ఆ ఆలోచన తప్పని నేను అనను. తప్పెక్కడంటే, కొలత మార్చాక కూడా పాత కొలత అంకెలనూ కొత్త కొలత అంకెలనూ ఒకే వరుసలో రాయడంలో. పాత శేరు, కొత్త కిలో కలిపి బియ్యం లెక్క రాసినట్టు.

భాను గారి జెంటీ ఇంకో 28 యార్డులు తెచ్చుకుని ఉంటే పట్టికలో పైకి వెళ్లేవాడు. అప్పుడు మా శాండర్స్ 2,850 పరుగెత్తి కూడా రెండో స్థానంలో ఉండేవాడు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేను పెన్ స్టేట్ గెలవాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఈ వయసులో.

బోయిసీ భాను (ఆదివారం, 9.02)

మాస్టారూ! పండగ పూట ఈ మాట అనాల్సింది కాదు. అయినా మా వాడి పేరు పక్కన కూడా ఆ కొలత సంగతి రాస్తామంటే నాకు అభ్యంతరం లేదు. 14 మ్యాచ్‌లలో రెండో స్థానం. నేనేమీ దాచడం లేదు.

గుంటూరు గణాంకం (ఆదివారం, 9.20)

నాకు ఇక్కడ పూర్తిగా తెల్లారిపోయింది. ఒక్క మాట అని పడుకుంటాను. శీను గారి క్లెయిమ్ నిలబడదు. క్విజ్‌లో "సీజన్‌లో" అన్నారు. ఆ సంవత్సరానికి సీజన్ అంటే ఏమిటో అప్పటి నియమమే చెప్పాలి. మాస్టారి తీర్పు సరైనదే. "మొత్తం" అన్న మాట వాడటం మాత్రం నోబాల్.

లక్ష్మి, ఎడ్మండ్ (ఆదివారం, 9.44)

అందరికీ నమస్కారం. ఆ కుక్కర్ గెలిచింది నేనే. ఇప్పుడే మా అమ్మాయి ఈ చర్చ చూపించింది. శీను, నీ మీద నాకు ఏ కోపమూ లేదు, కానీ నేనేదో ఆట పండితురాలినని అనుకోకు. నాకు టచ్‌డౌన్ అంటే ఏమిటో కూడా సరిగా తెలియదు. డిసెంబరు 31 రాత్రి మా అబ్బాయి టీవీ ముందు కూర్చుని "ఇంకా డెబ్బై కావాలి, ఇంకా నలభై కావాలి" అని అరుస్తూనే ఉన్నాడు. దేనికిరా అంటే, 2,628 దాటాలమ్మా అన్నాడు. చివరికి దాటలేదు. రాత్రంతా ఆ అంకే చెవిలో గింగిరాలు తిరిగింది. నిన్న మాస్టారు శాండర్స్ పేరు చెప్పగానే నోటికి అదే వచ్చింది.

వచ్చే ఆదివారం ఇంటికి రా నాయనా. అదే కుక్కర్‌లో ఇడ్లీలు వేస్తాను. అల్లం చట్నీ కూడా. మాస్టారూ, మీరూ రండి.

బోయిసీ భాను (ఆదివారం, 9.51)

అంటే ఆ కుక్కర్ మా జెంటీ పుణ్యమా! విన్నారా నారింజ చొక్కా గారూ?

స్టిల్‌వాటర్ శీను (ఆదివారం, 10.06)

లక్ష్మి గారూ, తప్పకుండా వస్తాను. ముందే చెబుతున్నాను, నేను బాగా తింటాను. మాస్టారు పక్కన కూర్చుని లెక్కపెడతారేమోనని భయం. పళ్లెంలో తిన్నవేనా, బౌల్‌లో సాంబారు పోసుకుని నానబెట్టుకున్నవి కూడా లెక్కలోకి వస్తాయా?

మాస్టారు (ఆదివారం, 10.11)

2002 తరువాత తిన్నవైతే వస్తాయి.